ఐస్ పట్టిన దారిలో పదిమందితో: ఈడేల్ నుంచి హోప్ దాకా

డిసెంబరు, జనవరి నెలల్లో ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో మనవాళ్లను గుంపుగా నడకకు తీసుకెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనుండేది షెఫీల్డ్‌లో. చలికాలంలో నాతో వచ్చేవాళ్లలో మాస్టర్స్ చదివే పిల్లలుంటారు, ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలుంటాయి, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు. చాలామందికి గడ్డకట్టిన నేల మీద నడవడం అదే మొదటిసారి. ఆదిలాబాద్ చలిలో పెరిగినవాళ్లు, లంబసింగి వెళ్లొచ్చినవాళ్లు చలి మాకు కొత్తేం కాదంటారు. నిజమే, చలి కొత్త కాదు. కాళ్ల కింద ఐస్ కొత్త.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఐస్ మీద మనవాళ్ల గుంపును ఇబ్బందిలో పడేసేది చాలాసార్లు మొహమాటమే. బూటులోకి నీళ్లు పోయినా "పర్లేదక్కా" అంటారు. వేళ్లు తిమ్మిరెక్కినా, మోకాలు సలుపుతున్నా, నా ఒక్కరి కోసం అందరూ ఆగిపోతారని నోరు విప్పరు. పెద్దవాళ్లైతే కొడుకు ఫ్రెండ్స్ ముందు అసలు చెప్పరు. అందుకే నడిపించేవాళ్ల పనిలో సగం దారి చూసుకోవడమైతే, మిగతా సగం ఆ "పర్లేదు" వెనకాల ఏముందో కనిపెట్టడం.

దారి ఎంచుకోవడం

కొత్తవాళ్లతో ఐస్ రోజుల్లో నేను ఎంచుకునేది ఈడేల్ స్టేషన్ నుంచి హాలిన్స్ క్రాస్ అనే కనుమ ఎక్కి, అవతల కాసిల్‌టన్ ఊళ్లోకి దిగి, ఏటి పక్కనే హోప్ స్టేషన్‌కి చేరే దారి. మొత్తం 8, 9 కిలోమీటర్లు. ఈడేల్, హోప్ రెండూ మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య నడిచే హోప్ వ్యాలీ రైలు లైనులోనే ఉన్నాయి కాబట్టి ఎక్కిన చోటికే తిరిగి రావాల్సిన పని లేదు. గడ్డకట్టిన పల్లెటూరి రోడ్ల మీద పొద్దున్నే కార్లు నడపాల్సిన పనీ లేదు. నా లెక్కలో ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కారు ప్రయాణమే.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ఈడేల్ వైపు వాలు ఉత్తరానికి ఉంటుంది. చలికాలం ఎండ దాని మీద సరిగా పడదు. ఒకసారి ఐస్ పట్టిందంటే రోజుల తరబడి అలాగే ఉంటుంది. కాసిల్‌టన్ వైపు దక్షిణపు వాలు, ఎండ తగులుతుంది, మధ్యాహ్నానికి కాస్త మెత్తబడుతుంది. ఐస్ మీద ఎక్కడం సులువు, దిగడం కష్టం. కాబట్టి ఐస్ ఎక్కువగా ఉన్న వైపు నుంచి ఎక్కి, ఎండ తగిలిన వైపుకి దిగాలి. మ్యాప్ చూసి ఏ వాలు ఎటు తిరిగి ఉందో తేల్చుకోవడం చలికాలంలో నేను చేసే మొదటి పని. బ్రిటన్ మ్యాపులు తయారుచేసే సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 1 మ్యాపులో ఈ ప్రాంతమంతా ఉంటుంది. ఫోన్లో ఎంత మంచి యాప్ ఉన్నా కాగితం మ్యాపు ఒకటి బ్యాగులో ఉండాలి. చలికి ఫోన్ బ్యాటరీ ఎంత త్వరగా పడిపోతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఈ దారి చాలా పాతది. ఈడేల్‌లో సొంత చర్చి లేని కాలంలో అక్కడివాళ్లు శవపేటికలను భుజాన మోసుకుని, ఈ కొండ దాటించి కాసిల్‌టన్ చర్చికి తీసుకెళ్లేవారట. తర్వాతి కాలంలో కాసిల్‌టన్ ఆడవాళ్లు ఈడేల్ నూలు మిల్లులో పనికి ఇదే కనుమ దాటి వచ్చేవారు. అన్ని పాదాలు నడిచిన దారి కాబట్టి కొన్నిచోట్ల కోసుకుపోయి, చుట్టూ ఉన్న గడ్డి కన్నా లోతుగా ఉంటుంది. వాన పడితే నీళ్లు అందులోంచే పారతాయి. రాత్రికి అవే ఐస్ అవుతాయి. ఇలాంటి పాత దారి ఎక్కడ కనిపించినా మధ్యలో నడవకుండా పక్కనున్న గరుకు గడ్డి అంచు చూసుకోవాలి.

హాలిన్స్ క్రాస్ నుంచి కుడివైపు వెళ్తే మామ్ టోర్, 517 మీటర్లు. ఫొటోల్లో అందరూ చూసేది దాన్నే. ఆ దారంతా బండలు పరిచి ఉంటుంది. మామూలు రోజుల్లో హాయిగా ఉండే ఆ బండలే ఐస్ రోజున అద్దంలా తయారవుతాయి. గుంపు బాగుంది, టైముంది, గాలి లేదు, అందరి కాళ్లకీ స్పైక్స్ (బూట్ల కింద తొడిగే స్టీలు పళ్లు) ఉన్నాయి అనుకుంటేనే అటు తీసుకెళ్తాను. ఎడమవైపు బ్యాక్ టోర్ మీదుగా లూజ్ హిల్‌కి పోయే దారిలో నిటారుగా ఉన్న ముక్క ఒకటుంది. ఐస్ ఉంటే కొత్తవాళ్లతో అటు అసలు వెళ్లను.

కిండర్ స్కౌట్ ఎక్కుదామని కుర్రాళ్లు ప్రతిసారీ అడుగుతారు. అది 636 మీటర్లు, పీక్ డిస్ట్రిక్ట్ మొత్తానికి ఎత్తయినది. 1932 ఏప్రిల్ 24న వందలమంది కార్మికులు భూస్వాముల కాపలాని ఎదిరించి దాని మీదకి నడిచారు. వాళ్లలో కొందరు జైలుకి కూడా వెళ్లారు. ఈ రోజు మనం ఈ కొండల్లో స్వేచ్ఛగా తిరుగుతున్నామంటే అందులో వాళ్ల పాత్ర ఉంది. దాని మీద నాకు చాలా గౌరవం. కానీ పైన అంతా చదునైన పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తటి తడి నేల, పొగమంచు కమ్మిందంటే ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. పీట్ గుంటల మీద పల్చటి ఐస్ పెంకు కట్టి, అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోతుంది. హాలిన్స్ క్రాస్ మీద నిలబడి లోయ అవతలున్న కిండర్‌ని చూపించి, ఆ కథ చెప్పి, ఎండాకాలం తీసుకెళ్తానని మాటిస్తాను.

టైము, వెదరు

డిసెంబరు చివర్లో ఇక్కడ నాలుగు గంటలకు ముందే పొద్దు గుంకుతుంది. తెల్లారేది ఎనిమిది దాటాకే. నడకకు ఎంత టైము పడుతుందో లెక్కేయడానికి నేస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రం ఉంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, పైగా ఎక్కే ప్రతి 10 మీటర్లకు ఒక నిమిషం. ఆ లెక్కన మన దారికి దాదాపు రెండు గంటలు పడుతుంది. ఐస్ మీద, పదిమందితో, నేను దాన్ని రెట్టింపు చేస్తాను. తిండికి, ఆగడానికి ఇంకో గంట. పదింటికి ఈడేల్‌లో బయల్దేరితే మూడున్నరకల్లా హోప్ స్టేషన్‌లో ఉంటాం. పదకొండింటి ట్రైన్‌కి వస్తామనేవాళ్లకు వద్దనే చెప్తాను. అక్కడ మొహమాటపడితే ఆఖరి మైలు చీకట్లో నడవాలి.

వెదరు చూసేటప్పుడు రేపటి సంగతి ఒక్కటే చూస్తే చాలదు. గడిచిన మూడు రోజులూ చూడాలి. వాన కురిసి, ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్లారేసరికి దారంతా ఐస్. మంచు కురిసి, కాస్త కరిగి, మళ్లీ గడ్డకడితే అది ఇంకా గట్టి ఐస్. ఫోన్లో 2 డిగ్రీలు అని చూపించినా నమ్మకండి. అది నేలకి ఒకటి రెండు మీటర్ల పైన ఉండే గాలి లెక్క. గాలి లేని నిర్మలమైన రాత్రి నేల సున్నా కిందకి పోతుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి లోయలోకి దిగి కూర్చుంటుంది. పొద్దున పూట ఈడేల్ ప్లాట్‌ఫామే కొండ పైకన్నా చల్లగా ఉండొచ్చు.

ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ వెబ్‌సైట్లో కొండ ప్రాంతాలకు విడిగా ఫోర్‌కాస్ట్ ఉంటుంది, పీక్ డిస్ట్రిక్ట్‌కి కూడా. అందులో ఎన్ని మీటర్ల ఎత్తులో గడ్డకడుతుందో, పైన గాలి ఎంతో ఇస్తారు. సున్నా డిగ్రీల దగ్గర గంటకి 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 7లా ఉంటుంది. పైన గాలి అంతకన్నా ఎక్కువుంటే నేను హాలిన్స్ క్రాస్ దాటించి నేరుగా కిందకి దింపేస్తాను. ఐస్ హెచ్చరిక ఉండి, ట్రైన్ల మీద కూడా నమ్మకం లేకపోతే కాన్సిల్. ముందు రోజు సాయంత్రం ఏడింటికి గ్రూపులో ఆ మాట చెప్పేస్తాను, మళ్లీ మార్చను. పొద్దున ఆరింటికి పులిహోర కలిపాక వద్దంటే ఎవరికైనా బాధగానే ఉంటుంది.

ముందు రాత్రి పంపే మెసేజ్

బట్టల గురించి పెద్ద లిస్టు పంపితే ఎవరూ చదవరు. నేను రాసేది నాలుగు ముక్కలే. జీన్స్ వద్దు, కాటన్ బనీన్ వద్దు. అడుగున గట్టి గాట్లున్న బూట్లు. రెండు జతల గ్లవ్స్, ఒక జత తడిసినా రెండోది ఉంటుంది. మంకీ క్యాప్ ఉంటే తెచ్చుకోండి, సిగ్గుపడొద్దు, చెవులకి దానంత మంచిది లేదు.

కాటన్ ఎందుకు వద్దో ఒక వాక్యంలో చెప్తే వింటారు: ఎక్కేటప్పుడు పట్టిన చెమట కాటన్‌లో ఆరదు, పైకెళ్లి ఆగగానే అదే తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. పెద్దావిడలు చీర మీదే వస్తామంటారు. కింద థర్మల్స్ వేసుకుంటే చలికి ఇబ్బంది లేదు కానీ, కుచ్చిళ్ల అంచు స్పైక్స్ పళ్లలో ఇరుక్కుంటుంది, దిగేటప్పుడు పాదం కనపడదు. "ఆంటీ, ఒక్క రోజుకి అమ్మాయి ట్రాక్ ప్యాంటు వేసుకోండి, రైలు దిగాక చీర కట్టుకుందురు గానీ" అని నేనే ఫోన్ చేసి చెప్తాను. మెసేజ్‌లో రాస్తే ఆ మాట కటువుగా వినిపిస్తుంది.

మందుల గురించి కూడా విడిగా ఫోన్లోనే అడుగుతాను. గ్రూపులో ఎవరూ చెప్పరు. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దాన్ని బ్యాగు బయటి జేబులో పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా ఇక పనికిరాదు. ఒంటికి ఆనుకుని లోపలి జేబులో ఉండాలి, షుగర్ చూసే మెషీన్ కూడా అక్కడే. ఉబ్బసం ఉన్నవాళ్లకి చల్లగాలి తగిలితే ఆయాసం మొదలవుతుంది, ఇన్‌హేలర్ చేతికందేలా ఉండాలి. మోకాళ్ల సంగతి "నొప్పులున్నాయా" అని అడగను. "మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటారా?" అని అడుగుతాను. పట్టుకుంటాను అంటే కొండ వద్దు. వాళ్లు ట్రైన్లో హోప్‌కి వచ్చి, కాసిల్‌టన్‌లో మమ్మల్ని కలిసేలా ఒకరిని తోడిచ్చి ఏర్పాటు చేస్తాను. కాసిల్‌టన్, హోప్ మధ్య దారి చదునుగా, పీక్స్‌హోల్ వాటర్ అనే చిన్న ఏటి పక్కన ఉంటుంది. వాళ్లకీ నడిచిన సంతృప్తి దక్కుతుంది.

స్టేషన్ దగ్గర పది నిమిషాలు

ఈడేల్‌లో దిగగానే నడక మొదలుపెట్టను. అందరినీ వరసగా నిలబెట్టి బూట్లు చూస్తాను. ఒక్కొక్కరినీ కాలు వెనక్కి మడిచి అడుగు భాగం చూపించమంటాను. గుర్రానికి నాడాలు చూసినట్టే. నునుపుగా అరిగిపోయిన స్పోర్ట్స్ షూస్ అయితే వాళ్లకి నా దగ్గరున్న ఎక్స్‌ట్రా మైక్రోస్పైక్స్ ఇస్తాను. అవి అయిపోతే ఆ మనిషి కొండ ఎక్కడు, అంతే. ఇక్కడ ఎంత దగ్గరివాళ్లైనా సడలించకూడదు. తొందరగా చెప్తే తిరిగి వెళ్లే ట్రైన్ ఉంటుంది, వేడి టీ దొరుకుతుంది, ఎవరికీ నామోషీ ఉండదు. అదే సగం కొండెక్కాక చెప్తే ఇంకో ఇద్దరు తోడుగా దిగాలి.

మైక్రోస్పైక్స్ అంటే బూటు చుట్టూ సాగదీసి తొడిగే రబ్బరు పట్టీ, దానికి కింద గొలుసులు, గొలుసులకి సెంటీమీటరు పొడవుండే స్టీలు పళ్లు. స్ప్రింగు చుట్టల్లా ఉండేవి చవగ్గా దొరుకుతాయి, అవి ఊళ్లో పేవ్‌మెంట్ వరకే. పర్వతారోహకులు వాడే పెద్ద క్రాంపాన్లు మనకి అక్కర్లేదు, వాటికి వంగని బూట్లు కావాలి, వాడకం నేర్చుకోవాలి. స్పైక్స్‌ని స్టేషన్ దగ్గర ఒకసారి అందరి చేతా తొడిగించి, విప్పించి చూడాలి. ముందు భాగం వేళ్ల వైపుకే వచ్చిందా, మడమ వెనక రబ్బరు పైదాకా లాగారా అని చూడాలి. చలికి వేళ్లు బిగుసుకున్నాక, వాలు మీద ఒంటికాలి మీద నిలబడి నేర్చుకునే పని కాదది. తొడగాల్సింది ఐస్ మొదలయ్యే ముందున్న చదును చోట. ఐస్ లేని తారు రోడ్డు మీద, బోడి రాతి మీద విప్పేయాలి, లేకపోతే పళ్లు అరుగుతాయి, అవే జారతాయి. తడి మంచులో నడిస్తే పళ్ల మధ్య మంచు ఉండ కడుతుంది. కర్రతో బూటు పక్కన ఒకసారి తడితే రాలిపోతుంది.

కర్ర ఉన్నవాళ్లు కొనకున్న రబ్బరు బొడిపె తీసేయాలి. లోపల ఉన్న గట్టి లోహపు మొనే ఐస్‌లో దిగేది. ఇది చాలామంది గమనించరు.

అప్పుడే పైజాకెట్ విప్పమంటాను. అందరూ ఆశ్చర్యంగా చూస్తారు. చలిగా అనిపిస్తున్నప్పుడే బయల్దేరితే పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది, చెమట పట్టదు. ఆ జాకెట్ ఆగినప్పుడు వేసుకోవడానికి బ్యాగులో అన్నిటికన్నా పైన ఉండాలి.

గుంపుని కట్టి ఉంచడం

పదిమందికి ఇద్దరు అనుభవం ఉన్నవాళ్లు కావాలి. ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనక. వెనకున్న మనిషిని ఎవరూ దాటి వెనక పడకూడదు, ఫొటోకైనా సరే. ముందు నడిచేవాళ్ల వెంటనే గుంపులో నెమ్మదైన మనిషిని పెడతాను. పక్కన నేనుండి మాట్లాడుతుంటే తానే నెమ్మది అన్న సంగతి ఆ మనిషికి తెలియదు, మిగతావాళ్ల వేగం దానంతటదే తగ్గుతుంది. కుర్రాళ్లు వెనక విసుక్కుంటారేమో అనుకుంటే వాళ్లకి పనివ్వాలి. గేటు తీసి పట్టుకోవడం, అందరూ దాటాక గొళ్లెం వేసి లెక్క చెప్పడం. గేట్లు, గోడ దాటే మెట్లు ఐస్ రోజుల్లో చెడ్డ చోట్లు. గొర్రెలు, పశువులు తొక్కిన బురద గుంట సరిగ్గా గేటు కిందే ఉంటుంది, అదే గడ్డకట్టి ఉంటుంది. గోడ మీది చెక్క మెట్ల మీద కంటికి కనపడని ఐస్ పొర ఉంటుంది. ఒక్కొక్కరే, ముఖం గోడ వైపు పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగాలి.

మనిషికీ మనిషికీ మధ్య రెండు మూడు మీటర్లు వదలాలి. భార్యాభర్తలు, స్నేహితులు చేతులు పట్టుకుని నడుస్తారు. ప్రేమతోనే అయినా ఐస్ మీద అది ఇద్దరినీ పడేస్తుంది. నిజంగా తోడు కావాల్సిన పెద్దాయన ఉంటే, స్పైక్స్ ఉన్న మనిషి ఆయనకి ఒక అడుగు కింద, పక్కగా నడుస్తూ మోచేయి అందివ్వాలి. పట్టుకునేది ఆయన, మనం కాదు.

అడుగు వేయడం

ఐస్ అంతా ఒకలా ఉండదు. గడ్డి మీద తెల్లగా ముళ్లు ముళ్లుగా కనిపించే పొడి మంచు నమ్మదగ్గది, బూటు దిగుతుంది, కరకరమంటుంది. పాలలా తెల్లగా బుడగలున్న ఐస్ కాస్త గరుకు. భయపడాల్సింది రంగే లేని దాన్ని చూసి. హాలిన్స్ క్రాస్ కింద దారికి అడ్డంగా ఊట కారే చోట్లలో ఒక దగ్గర ప్రతిసారీ అందరినీ ఆపి చూపిస్తాను. రాయి తడిసినట్టు నల్లగా, కాస్త మెరుస్తూ ఉంటుంది. వంగి చూస్తే పైన కదలని మెరుపు, దాని కింద సన్నగా నీళ్లు పాకుతుంటాయి, నీళ్లతో పాటు ఒక గాలి బుడగ కిందకి జారిపోతూ కనిపిస్తుంది. కర్ర మొనతో కొడితే టక్కుమంటుంది. ఒకసారి ఆ బుడగని చూసినవాళ్లు తర్వాత దారిలో తడిగా కనిపించిన ప్రతి రాయి దగ్గరా తమంతట తామే ఆగుతారు. పదిసార్లు జాగ్రత్త అని అరవడం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

నడక పొట్టి అడుగులతో ఉండాలి. పాదం మొత్తం ఒకేసారి ఆనాలి, మడమ ముందు పెట్టకూడదు. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒంటి బరువు ఆనిన కాలి మీదే ఉంచాలి. చేతులు జేబుల్లో ఉండకూడదు. చుట్టూ చూడాలంటే ఆగి చూడాలి, నడుస్తూ కాదు. దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలతారు, అప్పుడే కాలు ముందుకి తన్నుకుపోతుంది. ముక్కు పాదం మీదకి వచ్చేలా కొంచెం ముందుకే ఉండమని చెప్పాలి. నిటారు చోట పక్కకి తిరిగి, ఒక కాలు తర్వాత ఒకటి. స్పైక్స్ ఉంటే పళ్లన్నీ దిగేలా పాదం చదునుగా గట్టిగా వేయాలి.

పడిపోతే అరచేయి చాపి ఆపుకోవద్దు, మణికట్టు విరిగేది అక్కడే. పక్కకి వాలి తుంటి మీద, భుజం మీద పడాలి. వీపు మీద బ్యాగు ఉంటే అదీ కాస్త కాస్తుంది. ఇది స్టేషన్ దగ్గర గడ్డి మీద ఒకసారి చేసి చూపిస్తాను. అందరూ నవ్వుతారు, కానీ గుర్తుంటుంది.

ఆగడం, తినడం, కనిపెట్టడం

ఐస్ రోజున ఎక్కువసార్లు ఆగాలి, కొద్దిసేపే ఆగాలి. ప్రతి ఆగుడులో ముందు జాకెట్, తర్వాత మాటలు. ఆగిన రెండు నిమిషాల్లోనే ఒంట్లో వేడి దిగిపోతుంది.

తిండికి నా అనుభవంలో పులిహోర మధ్యాహ్నానికి చల్లబడి గట్టిపడుతుంది, గ్లవ్స్ విప్పకుండా తినలేం. చపాతీ చుట్టలు నయం. పల్లీ పట్టీలు చలికి రాళ్లవుతాయి, పెద్దవాళ్ల పళ్లకి మంచివి కావు, ముక్కలు కొట్టి తెచ్చుకోవాలి. ఖర్జూరాలు, సున్నుండలు బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఫ్లాస్కులో అల్లం టీతో పాటు మిరియాల చారు తీసుకెళ్తాను. ఆ చలిలో వేడి చారు గ్లాసు చేతికిస్తే వద్దనే మనిషి ఇంతవరకు కనపడలేదు. నీళ్ల బాటిల్ తలకిందులుగా పెట్టుకోవాలి. ఐస్ పైనే కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

గ్రూప్ షెల్టర్ అనే పెద్ద నైలాన్ సంచి ఒకటి తప్పకుండా ఉండాలి. పదిమందికి సరిపోయేది మడిస్తే చిన్న దిండంత అవుతుంది. అందరూ గుండ్రంగా నిలబడి దాన్ని తలల మీదుగా లాక్కుని, అంచు మీద కూర్చుంటే గాలి ఆగిపోతుంది, ఊపిరికే లోపల వెచ్చబడుతుంది. దాన్ని ప్రమాదం కోసం దాచిపెట్టను. హాలిన్స్ క్రాస్ దగ్గర భోజనం అందులోనే. కింద బ్యాగు వేసుకుని కూర్చోవాలి, నేల నుంచి వచ్చే చలి గాలి చలికన్నా ఎక్కువ.

అందులో అందరూ ఎదురెదురుగా ఉంటారు కాబట్టి మనుషుల్ని చూడ్డానికి అదే మంచి సమయం. "చలిగా ఉందా?" అని అడిగితే ఏం జవాబొస్తుందో మీకు తెలుసు. నేను అలా అడగను. గ్లవ్స్ తీసి బొటనవేలిని చిటికెన వేలికి తాకించమంటాను. చేయలేకపోతే వేళ్లు మొద్దుబారినట్టే. లేసు విప్పి కట్టమంటాను. వచ్చే ట్రైన్ ఎన్నింటికో లెక్క చెప్పమంటాను. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి మౌనంగా ఉన్నా, మాట ముద్దగా వస్తున్నా, కారణం లేకుండా చిరాకు పడుతున్నా, చదును నేల మీద తడబడుతున్నా అది చలి లోపలికి దిగుతున్న గుర్తు. వెంటనే తడి బట్టలు మార్చి, పొడి గ్లవ్స్, టోపీ ఇచ్చి, తియ్యటి వేడి టీ తాగించి, షెల్టర్‌లో ఇద్దరి మధ్య కూర్చోబెట్టాలి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దకూడదు. మద్యం అసలే వద్దు. కాస్త తేరుకున్నాక దగ్గరి దారిన కిందకి. బాగా వణికిన మనిషి వేడెక్కకుండానే వణకడం ఆపేశాడంటే అది ఎమర్జెన్సీ.

అప్పుడు ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి, ముందు పోలీస్ కావాలని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. అంబులెన్స్ అంటే రోడ్డు వరకే వస్తుంది. ఎక్కడున్నామో గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపు గడుల ప్రకారం మనమున్న చోటి అంకెలు) చెప్పాలి, ఆర్డినెన్స్ సర్వే వాళ్ల యాప్ అది చూపిస్తుంది. సిగ్నల్ సరిగా లేనిచోట 999కి మెసేజ్ కూడా పంపొచ్చు, కానీ ముందే రిజిస్టర్ చేసుకుని ఉండాలి. ఇంట్లో ఉండగా "రిజిస్టర్" అని ఇంగ్లీషులో రాసి 999కి మెసేజ్ పంపితే ఎలా చేయాలో వాళ్లే చెప్తారు. ఫోన్ పనిచేయకపోతే విజిల్: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు.

విజిట్ వీసా మీద వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడ ఒక విషయంలో తటపటాయిస్తారు, బిల్లు ఎంతవుతుందోనని. మౌంటెన్ రెస్క్యూ వాళ్లంతా వాలంటీర్లు, పైసా తీసుకోరు. ఎవరినీ వీసా అడగరు. డబ్బు గురించి ఆలోచిస్తూ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యొద్దు.

దిగాక

కాసిల్‌టన్‌లోకి దిగే దారి ముందు పొలాల గుండా, తర్వాత సన్నటి తారు రోడ్డు మీదుగా ఊళ్లోకి వస్తుంది. ఆ తారు రోడ్డు మీదే ఎక్కువమంది పడతారు. కొండ అయిపోయిందనుకుని స్పైక్స్ విప్పేసి, ఫోన్లు తీస్తారు. చెట్ల నీడ పడే చోట, కార్లు నొక్కిన టైరు జాడల్లో ఐస్ సాయంత్రం దాకా ఉంటుంది. ఊళ్లో మొదటి ఇళ్లు వచ్చేవరకు నోరు మూసుకుని కిందకే చూస్తూ నడవమంటాను. పెద్దవాళ్లకైనా ఆ మాట అలాగే చెప్తాను, తర్వాత క్షమించమంటాను. మూడు దాటితే, లేదా ఎవరైనా అలిసిపోతే, హోప్ దాకా నడక మానేసి అక్కడే బస్సు ఎక్కించేస్తాను. హెడ్ టార్చ్ మాత్రం పగలే దిగినా ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాల్సిందే.

ఇంటి దగ్గర మన దారి, తిరిగొచ్చే టైము తెలిసిన మనిషి ఒకరుండాలి. హోప్ ప్లాట్‌ఫామ్ మీద తలలు లెక్కపెట్టి, అందరం దిగామని ఆ మనిషికి మెసేజ్ పెట్టాకే నేను నా ఫ్లాస్కు తీస్తాను.

మర్నాడు పొద్దున, పడినవాళ్లకి విడివిడిగా ఫోన్ చేస్తాను. "నొప్పి ఉందా" అని అడగను. బొటనవేలు బాగా చాచినప్పుడు దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. రెండో చేతి వేలితో అక్కడ నొక్కి ఎలా ఉందో చెప్పమంటాను. నొక్కగానే చివుక్కుమంటే, వాపు పెద్దగా లేకపోయినా, లోపల చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు కూడా, వదిలేస్తే సరిగా అతుక్కోదు. అలాంటివాళ్లని ఆ రోజే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) సలహా నంబరు 111కి ఫోన్ చేయమంటాను, ఏ ఆస్పత్రికి వెళ్లాలో వాళ్లు చెప్తారు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, వెళ్లారో లేదో కనుక్కుంటాను.